ఒక్కరే చూసే రిపోర్టు

రోజూ పొద్దున తొమ్మిదింటికి నేను తయారుచేసిన అమ్మకాల రిపోర్టు తెరిచి చూసే ఆ ఒక్కరూ ఎవరు?

రిపోర్టు కింద రోజూ 'ఒకరు చూశారు' అని కనిపిస్తుంది; ఆరేళ్లుగా ఇదే ప్రశ్న. క్లౌడ్‌లో ఏ రిపోర్టు ఎవరు చూశారో పేర్లతో సహా చూసే అధికారం మా అమీర్‌పేట ఆఫీసులో నాదే. అయినా ఆ పేరు చూడలేదు. పంజాగుట్ట ఫ్లాట్‌లో ఒక్కదాన్నే కాఫీ తాగుతూ, ఎవరో ఉన్నారులే అనుకునేదాన్ని.

ఇవాళ ఆఫీసులో నా లాగిన్‌తో, ఎవరూ వాడని రిపోర్టులు తీసేస్తూ మా జూనియర్ బిందు పకపకా నవ్వింది.

"గిది మనిషి కాదక్కా! రిపోర్టు నడుస్తుందా లేదా అని మెషినే తెరుస్తుంది. గా చెకింగ్ పెట్టింది సుత మీరే. తీసేయాల్నా?"

"ఆగమ్మా, ఒక్క నిమిషం."

పెట్టింది నేనేనని నిజంగానే మరిచిపోయానా, కావాలనే గుర్తు చేసుకోలేదా? రిపోర్టు తీసేయకుండానే బిందు వెళ్లిపోయింది. నేనింకా తేల్చుకోలేకపోతున్నాను.