చేపగుడ్ల పేజీ

మా బిడ్డ స్వప్నిక ఇంజినీరు. సముద్రం పైన ఉండే వేడినీళ్లకు, అడుగున ఉండే చల్లనీళ్లకు ఉన్న తేడాతోని కరెంటు తీసే కంపెనీల పనిచేస్తది. లీవు మీద వచ్చి చేవెళ్లల మా విత్తనాల దుకాణంల కూసుంటే, వాళ్ల పెద్దసారు ఫోన్ చేసిండు. స్పీకర్‌ల అంత నాకు వినబడుతున్నది.

“రిపోర్టులో చేపగుడ్ల పేజీ తీసెయ్. రేపు మంత్రిగారు ప్లాంటు ప్రారంభిస్తున్నారు.”

“తియ్య సార్. ట్రయల్‌ల అడుగునుంచి తోడిన చల్లనీళ్లు పైపైన వదులుతున్నం. ఆ చలికి చేపగుడ్లు చస్తున్నయి. వదిలే గొట్టం లోతుకు దించేదాక ప్లాంటు నడవొద్దు.”

“నీ ఉద్యోగం పోతుంది.”

“పోనియ్యండి.”

ఫోన్ పెట్టేసింది. ఆ పేజీని ప్లాంటు దగ్గరి జాలర్ల సంఘానికి పంపేసింది.

నాకు మస్తు కోపమొచ్చింది. “సముద్రమేడ, చేవెళ్లేడ? ఎవడో తెల్వితక్కువోడు గొట్టం తప్పు పెడితే నీ నౌకరీ ఎందుకు పోగొట్టుకుంటవ్?”

“ఎవడో కాదు బాపు, నేనే. ఆ గొట్టం డిజైన్ నాది. తప్పు నాదేనని ఆ పేజీల రాసిన.”

ఫోన్ మళ్ల మోగింది. ఈసారి నేనెత్తిన.

“మా బిడ్డ తియ్యదు సార్,” అన్న.