పల్లంరాజు గారి అభిప్రాయం

"మొహమాటం లేకుండా చెప్పమంటారా?" అన్నాడు పల్లంరాజు, కాఫీ గ్లాసు కింద పెడుతూ.

"అందుకేగా ఇంత దూరం వచ్చాం," అన్నాడు ఏసుపాదం.

మొగుడి పక్కనే కుర్చీ అంచున కూర్చున్న దేవకుమారి, ఎదురుగా ఉన్న ఆ పామాయిల్ రైతు వైపు ప్రాధేయపడుతున్నట్టు చూసింది. నిన్న మొగుడికి తెలియకుండా ఫోన్ చేసి మరీ బతిమాలింది. "ఒక్క మంచి మాట చెప్పండి అన్నయ్యగారూ, ఈసారి ఆయన తట్టుకోలేరు," అంటే, "పాట విషయంలో నేను అబద్ధమాడలేనమ్మా," అని పెట్టేశాడాయన.

ఏసుపాదం రాజమండ్రిలో చర్చి క్వయర్‌లో పాడుతూ పెరిగినవాడు. కాలేజీలో చేరాక జుట్టు పెంచి, 'ఇనుప గోదారి' అని హెవీ మెటల్ బ్యాండ్ పెట్టాడు. ఆ అరుపులకి పాస్టరు గారు హడలిపోయారు గానీ కుర్రకారు వెర్రెత్తిపోయింది. అదంతా ముప్పై ఏళ్ళ నాటి మాట. జుట్టు ఊడింది, జనం పలచబడ్డారు. పోయినేడాది డ్రమ్మర్ యెహెజ్కేలు కూడా కన్నుమూశాడు. స్నేహితుణ్ణి మట్టిచేసి వచ్చిన రోజు నుంచి ఏసుపాదం మనిషి కాలేదు.

అలాంటివాడు ఉన్నట్టుండి కొత్త ఆల్బమ్ అన్నాడు. 'గేట్లెత్తారు' అని పేరు కూడా పెట్టాడు. కుర్రాళ్ళెవరో వాయిస్తున్నారంటూ వేసవంతా బస్సులో కాకినాడ స్టూడియోకి తిరిగాడు. చివరికి ఓ సంచీడు పెన్‌డ్రైవ్‌లు పట్టుకొచ్చి, ఆన్‌లైన్‌లో పెట్టేముందు దగ్గరివాళ్ళకి వినిపిస్తానన్నాడు. వాటికి స్టిక్కర్లు అంటించింది దేవకుమారే. అందరికీ పంచాడు, పల్లంరాజుకి పోస్టులో పంపాడు, ఆమెకీ ఒకటిచ్చాడు. ఆ గోల ఆమెకి ఏనాడూ పట్టేది కాదు. రెండ్రోజులాగి, "చాలా బాగుందండీ," అనేసింది. కట్టుకున్నది ఆమాత్రం అనకపోతే ఇంకెవరంటారు?

అందరూ అన్నారు. గోదావరి జిల్లాల్లో ఇంటికొచ్చినవాణ్ణి అన్నం పెట్టకుండా పంపరు, బాలేదని మొహం మీద అనరు. "ఇరగదీశారండి బాబూ!" "అదే గొంతండి, చెక్కు చెదర్లేదు!" అంటూ ఫోన్ల మీద ఫోన్లు. ఒక్కో ఫోన్ వస్తున్నకొద్దీ ఏసుపాదం మొహం ఇంకాస్త మాడిపోయేది. ఇంకెవరి ఫోన్ కోసమో చూస్తున్నట్టు దాన్ని తలగడ పక్కనే పెట్టుకునేవాడు. తిండి సయించడం మానేసింది.

"ఇంతమంది మెచ్చుకుంటుంటే ఏంటండీ మీ దిగులు?" అని దేవకుమారి కసురుకుంది.

"పల్లంరాజు గారింకా ఏమీ అనలేదు కుమారీ. నా పాట నిజంగా వినే మనిషి ఆయనొక్కడే. పాడాలో మానాలో ఆయన మాటని బట్టే తేల్చుకుంటా."

అది నిజమే. రెండో క్యాసెట్‌ని ఊరంతా మోస్తున్నప్పుడు ఈయన జంగారెడ్డిగూడెం నుంచి పనిగట్టుకుని బస్సెక్కొచ్చి, "నాలుగో పాట చెత్తండి," అని చెప్పి, భోంచేసి వెళ్ళాడు. ఏసుపాదం ఆ పాటని మళ్ళీ స్టేజీ మీద పాడలేదు. అప్పట్నుంచీ ఆయన మాటంటే గురి. ఇప్పుడు ఆ మాటే దేవకుమారిని వణికిస్తోంది. పాట మానేస్తే ఈ మనిషి ఎన్నాళ్ళో బతకడని ఆమెకి తెలుసు.

పల్లంరాజు గొంతు సవరించుకున్నాడు.

"తోట పనుల్లో ఉండి కాస్త ఆలస్యమైంది, ఏమనుకోకండి. నాకు నచ్చలేదండి."

దేవకుమారి కళ్ళు మూసుకుంది.

"ఏది నచ్చలేదు?" ఏసుపాదం గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"మొదటి పాట ఎత్తుకోవడమే నీరసంగా ఉంది. ఆ డ్రమ్స్ ఏంటండి? యెహెజ్కేలు గారి దెబ్బ ఎక్కడ? ఈ కుర్రాళ్ళు మీ గొంతుని మింగేశారు. మూడోది పర్లేదు, రెండుసార్లు విన్నాను."

"ఆఖరిది?"

"అది మరీ సాగదీశారు."

"నా గొంతు?"

"అలిసిపోయిందండి. వెనకటి కోపం లేదు. ఇంకెవరైనా అయితే బాగుందనేవాణ్ణి. మీ దగ్గర అబద్ధం చెప్పలేక చెబుతున్నా."

ఏసుపాదం లేచి ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు. "ఉంటానండి," అన్నాడు. పల్లంరాజు కళ్ళు చెమర్చాయి. భోజనం చేసి వెళ్ళమని ఎంత చెప్పినా ఏసుపాదం ఆగలేదు. పల్లంరాజు జీడిపప్పు పొట్లం తెచ్చి దేవకుమారి చేతిలో పెడితే, విసిరికొట్టాలన్నంత కోపాన్ని దిగమింగి పుచ్చుకుంది.

బస్సు కొయ్యలగూడెం దాటింది. "ఇక పాడను కుమారీ," అన్నాడు అప్పుడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. "ఆయనెవరండీ తేల్చడానికి? పామాయిల్ గెలలు కోసుకునేవాడికి మీ గొంతు గురించేం తెలుసు? అందరూ బాగుందన్నారుగా!"

"అన్నారు."

"మరి ఈయనొక్కడు బాలేదన్నాడని మానేస్తారా?"

"బాలేదన్నందుకు కాదు." అతని కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతారనుకున్నా. ఒక్కడు అడిగినా చాలు, వాడి కోసం పాడదామనుకున్నా. కనీసం ఈయనైనా అడుగుతాడనుకున్నా."

"ఏమనండీ అడగాలి?"

"ఆ పెన్‌డ్రైవ్‌లన్నీ ఖాళీవే కుమారీ."