ముందు పెద్దవాళ్లకు

“అటు కాదే పిడుగూ, కుడివైపుకి వంచు! పొద్దుట్నుంచీ కుడివైపేగా నీకు నొప్పి!” నానమ్మ గుసగుసగా గదిమింది.

క్లినిక్ వరండాలో బెంచీ మీద కూర్చున్న ఆరేళ్ల మనవరాలు గబుక్కున మెడ కుడివైపుకి వాల్చింది. “ఎంతసేపు నానమ్మా ఇలా? నిజంగానే పట్టేసేలా ఉంది.”

“తాతయ్య బల్లెక్కేదాకా. నవ్వావో, కొంప మునిగిందే!”

అసలు మెడ పట్టేసింది తాతయ్యకి. డ్రైవింగ్ స్కూల్లో నలభై ఏళ్లుగా ఊళ్లో సగం మందికి స్టీరింగ్ నేర్పిన మనిషి, పదిరోజులుగా వెనక్కి చూడాలంటే ఒళ్లంతా తిప్పుతున్నాడు. నెలాఖరున లైసెన్సు రెన్యువల్ పరీక్ష. మెడ రెండు పక్కలా తిరగకపోతే ఇక ఆ సీట్లో కూర్చోనివ్వరు. ఆ సీటు పోతే ఆయన మనిషి కాడని నానమ్మ బెంగ.

చేత్తోనే నొక్కి, సాగదీసి నొప్పులు తగ్గించే ఈ ఆస్టియోపతీ క్లినిక్ సంగతి ఆవిడ మొదటిరోజే ఎత్తింది. “ఎవరో నా మెడ పట్టుకుని తిప్పడమా? ఆ గడప తొక్కితే నన్ను పేరు మార్చి పిలువు!” అని తాతయ్య వీధంతా వినబడేలా అరిచాడు. అన్నమాట వెనక్కి తీసుకోవడం ఆయన వంశంలోనే లేదు.

మొన్న చక్కెర డబ్బా మూత తీస్తే ఈ క్లినిక్ వాళ్ల కాగితం కనబడింది. కోడలే పెట్టి ఉంటుందనుకుంది నానమ్మ. అందులో ఒక వాక్యం కింద ఎర్రగీత గీసి ఉంది: ‘పిల్లల భయం పోవడానికి, వెంట వచ్చిన పెద్దవాళ్లకు ముందు చేసి చూపిస్తాం.’ అంతే, ఆవిడ బుర్ర చకచకా పనిచేసింది. షుగరున్న తాతయ్య ఆ డబ్బా జోలికి రాడు కాబట్టి బతికిపోయాం అనుకుని, కాగితాన్ని ముక్కలు చేసి పారేసి, మనవరాలికి తర్ఫీదు మొదలుపెట్టింది.

కారు ఆపి తాతయ్య లోపలికొచ్చాడు. “ఎలా ఉందే నా తల్లికి?”

“అబ్బా, నొప్పి తాతయ్యా!” అంది పిడుగు, మెడ ఎడమవైపుకి వాల్చి.

నానమ్మ వెనకనుంచి దాని జడ కుడివైపుకి లాగింది. తాతయ్య గమనించినట్టు లేదు. శిష్యులకు మార్కులు వేసే ఎర్ర పెన్నుతోనే గబగబా ఫారం నింపేశాడు.

లోపల డాక్టరమ్మ బల్ల మీద దుప్పటి సర్దింది. “ముందు ఎవరికి చేసి చూపించమంటావు, అమ్మలూ?”

“తాతయ్యకి చేస్తేనే నేను చేయించుకుంటా!” ఈ ముక్క మాత్రం తడబడకుండా చెప్పింది పిడుగు.

“నాకా? నాకేం రోగం? గుండ్రాయిలా ఉన్నాను!” అంటూనే తాతయ్య చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి బల్లెక్కేశాడు. “ఏం చేస్తాం, పిల్ల కోసం తప్పుతుందా!”

నానమ్మ నవ్వాపుకోలేక చెంగు నోట్లో కుక్కుకుంది.

“ఊపిరి వదలండి. ఇక్కడేనా?”

“అక్కడే! అంటే... పిల్లకీ అక్కడే అయ్యుంటుంది. ఇంకాస్త గట్టిగా చూపించండమ్మా, దానికి బాగా అర్థం కావాలి.”

అరగంట చూపించాక ఆయన లేచి తల కుడివైపుకి తిప్పాడు. గోడ గడియారం కనబడింది. పది రోజుల తర్వాత మొదటిసారి! “చూశావుటే? ఏం భయం లేదు. ఇక నువ్వు రా.”

“నాకు చూస్తుంటేనే తగ్గిపోయింది!” పిడుగు మెడను గిరగిరా తిప్పి, గంతులేసింది.

“తాతగారూ, మీకు ఎడమవైపు ఇంకా వదల్లేదు,” అంది డాక్టరమ్మ. “వచ్చేవారం ఇంకోసారి చేస్తే సరిపోతుంది.”

“మళ్లీనా? నేనా? పిల్ల కోసం వచ్చానంతే. చస్తే రాను!” తాతయ్య ఎగిరిపడ్డాడు.

వరండాలో నానమ్మ తల పట్టుకుంది. “ఎడమవైపు తిరక్కపోతే పరీక్ష గోవిందానే! ఇంకోసారి ఈయన్ని ఎలా తేవడం?”

“ఈసారి నడుం నొప్పా నానమ్మా?” పిడుగు ఉత్సాహంగా అప్పుడే వంగి నడిచేస్తోంది.

చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెనకే వచ్చి, ఆ మాటలు తనకు వినబడనట్టే, “పెన్ను మర్చిపోయాను,” అంటూ తాతయ్య లోపలికెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

“ఇంకో కాగితం ఇవ్వండమ్మా, చక్కెర డబ్బాలో పెట్టాలి.”