రేకు చుట్టిన సీసా

మధ్యాహ్నం నెబ్రాస్కా ఎండలో వాగునీళ్ళు పరీక్షించి, పశువులకు కండ పట్టించే హార్మోను జాడే లేదని ఆర్డిత్ తేల్చింది.

"అంత మంచి నీళ్ళయితే తాగి చూపించమ్మాయ్!" అన్నాడు వాగు పక్కనున్న పశువుల దొడ్డి యజమాని వెర్లిన్. పంతం కొద్దీ అందరి ముందూ గ్లాసెడు తాగేసింది.

రాత్రి ప్రయోగశాలలో ఫ్రిజ్ గురగుర తప్ప చప్పుడు లేదు. అవే నీళ్ళు, వెలుగు తగలకుండా రేకు చుట్టి బిగించిన సీసాలో ఉన్నాయి. మళ్ళీ పరీక్షించింది. హార్మోను కనిపించింది. కాసేపాగి చూస్తే ఇంకా పెరిగింది.

వెర్లిన్‌కు ఫోన్ చేసింది. "ఎవరూ ఏమీ కలపలేదు. ఎండకు విరిగిపోయిందనుకున్నది చీకట్లో మళ్ళీ అతుక్కుంటోంది."

"అయితే లైటేసి ఉంచు తల్లీ," అని నవ్వాడతను.

ఆర్డిత్ లైట్లన్నీ వేసింది. తరువాత మెల్లగా పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. అక్కడికి ఏ వెలుగూ చేరదు.