మాడిన రొట్టెలు

"ఇరవై ఏళ్లొచ్చాయి డాక్టరుగారూ, నూనూగు మీసమైనా లేదు. గొంతు చూస్తే ఇంకా పసిపిల్లాడిదే," అన్నాడు బేకరీ యజమాని. పక్కనే కొడుకు తల వంచుకుని కూర్చున్నాడు.

డాక్టరమ్మ ఆ అబ్బాయినే అడిగింది. "బాబూ, నీకు వాసనలు తెలుస్తాయా?"

"తెలియవండీ. చిన్నప్పటి నుంచీ అంతే."

తండ్రి ఉలిక్కిపడ్డాడు.

"మెదడు సంకేతం పంపితేనే యుక్తవయసు హార్మోన్లు విడుదలవుతాయి. ఆ సంకేతం పంపే కణాలు, తల్లి కడుపులో ఉండగానే, ముక్కు దగ్గర మొదలై వాసన నరాల వెంట మెదడుకు చేరాలి. ఇతనికి చేరినట్టు లేవు. పరీక్షల్లో అదే తేలితే మందులిద్దాం. మీసం వస్తుంది, గొంతూ మారుతుంది. వాసనలు మాత్రం తెలియవు. ఇన్నేళ్లూ ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

"నేనే చెప్పలేదండీ," అన్నాడు కొడుకు గబగబా. "నాన్న తప్పేం లేదు."

ఆ మాటతో తండ్రికి తల కొట్టేసినట్టయింది.

"గమనించాను డాక్టరుగారూ," అన్నాడు నేలచూపులు చూస్తూ. "పొయ్యి పక్కనే నిలబడి రొట్టెలు మాడబెట్టేవాడు. ప్రతిసారీ నలుగురి ముందూ చెంప పగలగొట్టాను, నీకు ముక్కుందా లేదా అని."