గుండెకెక్కిన కాపర్-టీ

"కాపర్-టీ మాత్రం వద్దండి రూబీ గారూ. అది పైకి పాకి గుండెకెక్కుద్దంట," అంది బేబీ.

ఆశా కార్యకర్త రూబీకి తలప్రాణం తోకకొచ్చింది.

బేబీకిది మూడో కాన్పు. రక్తం కాలవ కట్టింది. కాకినాడ తీసుకెళ్లి నాలుగు సీసాలు ఎక్కిస్తే ప్రాణం నిలిచింది. మళ్లీ కడుపొస్తే మనిషి దక్కదని డాక్టరమ్మ మొహమ్మీదే చెప్పింది. ఒంట్లో రక్తం లేదు కాబట్టి ఇప్పట్లో ఆపరేషనూ కుదరదంది.

మాత్రలిస్తే, వేడి చేసి పాలెండిపోతాయని చూరులో దోపేసింది బేబీ. నిరోధ్‌లిస్తే పెద్ద పిల్లలిద్దరూ బుడగలూదుకున్నారు. ఇక మిగిలింది కాపర్-టీ ఒక్కటే. పది రోజుల కిందట వేటకెళ్లిన మొగుడు పల్లంరాజు రేపు ఒడ్డుకొస్తాడు. కాపర్-టీ వేసే నర్సు ఇవాళ మూడింటి దాకానే ఆసుపత్రిలో ఉంటుంది.

"ఎవరికెక్కింది గుండెకి?"

"ఎవరికో ఎక్కిందంట. ఆవిణ్ణి తెచ్చి నా ముందు నిలబెట్టండి. అబద్ధమని ఆవిడ నోటితో అంటే ఇప్పుడే మీ ఎనకాల వచ్చేస్తాను. నాకూ బతకాలనే ఉందండి," అంది బేబీ. చంటిదాన్ని పొదువుకున్న చేతులు పాలిపోయి ఉన్నాయి.

అరుగు మీద ఎండుచేపలు తిరగేస్తున్న బేబీ తల్లి లోవమ్మ తలెత్తింది. "నిప్పు లేనిదే పొగ రాదు కదమ్మా. చేపల పాపాయి చెప్పింది నాకు. అది ఊరికే అనే మనిషి కాదు."

పాపాయి చేపల గంపతో ఊళ్లోకి వెళ్లిందట. రూబీ ఎండలో పడి బయలుదేరింది.

దారి పొడుగునా తిట్టుకుంటూనే నడిచింది. ఎవరో గాని ఆ మహాతల్లి, ఒక్క మాటతో తన పదేళ్ల చాకిరీని గోదాట్లో కలిపింది. కనిపిస్తే జుట్టు పట్టుకుని బేబీ గుమ్మం దాకా ఈడ్చుకుపోవాలనిపించింది. నిరుడు ఇదే పల్లెలో ఒక బాలింతను కాటికి సాగనంపారు. ఆ పసిగుడ్డుకి డబ్బా పాలు కలిపిచ్చింది రూబీయే. ఇంకోసారి ఆ పని తన వల్ల కాదు.

పాపాయి వంతెన దగ్గర దొరికింది. అప్పటికి పన్నెండున్నర దాటింది.

"ఆ కాపర్-టీ మాట నీకెవరు చెప్పారు పాపాయీ?"

పాపాయి తలెత్తకుండా చేపల మీద నీళ్లు చల్లింది. "మీ అత్తగారేనండి," అంది.

"మా అత్తయ్యా? ఎవరికెక్కిందని చెప్పారు?"

"నా నోటితో ఎందుకులెండి. ఆవిణ్ణే అడగండి."

రూబీ ఇల్లు చర్చి వెనక వీధిలో. పరుగులాంటి నడకతో వీధి మొదలు దాకా వచ్చింది. అక్కడి నుంచి ఎందుకో అడుగు ముందుకు పడలేదు. ఎండ దెబ్బేమో అనుకుని, కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి నడిచింది.

అత్త సంపూర్ణమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. గోడ గడియారంలో రెండు కావస్తోంది.

"అత్తయ్యా, కాపర్-టీ గుండెకెక్కిందని పాపాయితో అన్నారా?"

సంపూర్ణమ్మ చేట కింద పెట్టింది. "అది అడిగింది, నేను చెప్పాను. ఇప్పుడదంతా ఎందుకే?"

"అక్కడ బేబీ చచ్చిపోతుందత్తయ్యా. ఆ మనిషి వచ్చి అబద్ధమని చెబితేనే ఆసుపత్రికి వస్తానంటోంది. ఇంకో గంటే ఉంది. ఎవరావిడ? కాళ్లు పట్టుకునైనా తీసుకెళ్తాను. పేరు చెప్పండి." రూబీకి ఏడుపాగలేదు.

సంపూర్ణమ్మ వీధి తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"మగపిల్లాడి కోసం నీది తీయించుకున్నప్పుడు, ఎవరైనా అడిగితే గుండెకెక్కిందని చెప్పమని నువ్వే కదమ్మా అన్నావు."