పురికొస దారి

మెడకు చుట్టిన పురికొసను బావ ఇంకో మెలిక తిప్పేసరికి పక్క షెడ్డాయన కాళ్ళు నేలకేసి కొట్టుకున్నాయి. బావ పాలీహౌస్‌ షెడ్డులో కీరా తీగల్ని పైకి కట్టే పురికొస అది. అతని ముందుపన్ను ఒకటి అప్పటికే మట్టిలో పడి ఉంది.

అక్క ఏడుస్తూ ఫోన్ చేస్తే కాలేజీ నుంచి పరిగెత్తుకొచ్చిన లెక్కల మాస్టారు, బావ చేతిని పట్టుకుని వేలాడాడు.

"వదులు బావా, చస్తాడు."

"చావడానికేగా బిగిస్తున్నది."

వారం నుంచి కీరా మొక్కలు నీళ్ళు పెట్టినా మధ్యాహ్నానికల్లా తలలు వాల్చేస్తున్నాయి. పీకి చూస్తే వేళ్ళ నిండా బుడిపెలు. మట్టిలో ఉండి వేళ్ళను పట్టే నులిపురుగు. ఇది పగ తీర్చుకోవడమేనని బావ తేల్చేశాడు. రెండు నెలల కిందట బావ ఏదో పనిమీద వెళితే, పక్క షెడ్డాయన తన గుమ్మంలో మందునీళ్ళ తొట్టి చూపించి, బూటుకాళ్ళు అందులో ముంచి రమ్మన్నాడట. నేనేమన్నా పెంటలో పొర్లి వచ్చానా అంటూ బావ ఆ తొట్టిని ఒక్క తన్ను తన్ని, లోపలికి దూరి, చేతికందిన మొక్కనల్లా పీకి తొక్కి వచ్చాడు.

పక్క షెడ్డాయన నెత్తురు ఉమ్మి గొణిగాడు. "మీ గడప తొక్కలేదయ్యా. నా మొక్కలకు ఈ రోగముందని దాచాను. కొనేవాళ్ళు రారని. అంతవరకే నా తప్పు."

"విన్నావుగా, పురుగు వీడి దగ్గరిదే!" బావ అతని ఛాతీమీద మోకాలు ఆనించాడు. వట్టికాళ్ళతో ఉన్నాడు, కోపంలో బూట్లు వేసుకోవడం కూడా మరిచిపోయి.

మాస్టారు చుట్టూ చూశాడు. ముందు తలుపుకి తాళం ఉంటుంది, తాళంచెవి బావ జేబులో. వదులు గొళ్ళెం ఉన్నది వెనక తలుపుకే, అది పక్క షెడ్డు వైపు.

"రోగపు మట్టి చల్లినవాడు ఎగిరి రాడు కదా. ఎటు నడిచాడో వాడిన మొక్కలే చెబుతాయి. దారి పట్టి చూపిస్తాను, అప్పటిదాకా బిగించకు."

"పదిహేనేళ్ళుగా ముడుల లెక్కల మీద చదువు, బూటు లేసు కట్టుకోవడం రాదు," అన్నాడు బావ. "కానీయ్ మాస్టారూ. రోజూ పొద్దున్నే తీగలు కడుతూ తిరిగేవాణ్ణి, నా కళ్ళు కప్పి వచ్చాడు. దారి వెనక తలుపు దగ్గర తేలిందా, వీణ్ణి ఇక్కడే పాతేస్తా."

మాస్టారు పురికొస ఉండ తీసుకుని వాడిన మొక్క పక్కనల్లా పరుస్తూ పోయాడు. ఒక మనిషి ప్రాణం ఇప్పుడు ఆ దారం చివర ఉంది. దారి వంకర తిరిగింది, తనను తానే దాటింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. నల్లబల్లమీద రోజూ గీసే మొదటి ముడి అచ్చం ఇలాగే ఉంటుంది.

"తేలిందా?" వెనక నుంచి బావ గొంతు. దాని కింద మరో గొంతు గరగరలాడుతోంది.

"మా లెక్కలో రెండు కొసలూ కలిస్తేనే ముడి బావా. వచ్చిపోయినవాడి దారి కలవదు. కొస తలుపు దగ్గర ఉంటుంది."

వెనక తలుపు దగ్గర మొక్కలు పచ్చగా నిలబడి ఉన్నాయి. దారం అటు పోనేలేదు. మాస్టారు ఇంకో మొక్క పీకాడు. శనగగింజంత బుడిపెలు. ముందుకు పోయి మరొకటి పీకాడు. గోలీలంత. ఆపైన అల్లం కొమ్మల్లా. ఎక్కడ లావుగా ఉన్నాయో మట్టి ముందు రాలింది అక్కడే. దారం ముందు తలుపు లోపలి పక్కనున్న ఇనుప స్టూలు వైపు లాక్కుపోయింది. ఉండలో మిగిలిన దారాన్ని విప్పుకుంటూ ఆయన వంగాడు.

"చెప్పవేం? ఎక్కడ తేలింది?"

రెండు కొసలూ స్టూలు కింద, బావ బూట్ల దగ్గర కలిశాయి.